అద్దె యంత్రము, సొంత పేరు

కోవిల్‌పట్టికి తూర్పున కొద్ది దూరములో నున్న ఎట్టయపురమునందు, ఆ సంస్థానమువారి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలనుండి, 1904వ సంవత్సరమున సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో వెలువడెను. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులను స్వరగమకసహితముగా భద్రపరచిన ఆ గ్రంథము ఇంచుమించు 1700 పుటలది. ఏ గమకమునకు ఏ గుర్తు అని నిర్ణయించి, ఆ చిహ్నములన్నిటితో తెలుగు స్వరములను కూర్చి, దోషములు దిద్ది, తమిళదేశపు దక్షిణభాగమున నల్లరేగడి చేల నడుమ నున్న ఒక చిన్న పట్టణమునుండి అంతటి తెలుగు గ్రంథమును వెలువరించుట సామాన్యకార్యము కాదు. సంగీతజ్ఞులకు ఆ గ్రంథముతో గల ప్రయోజనము వేరు. నాకు ఇక్కడ పట్టుబడిన విశేషము మరియొకటి. గ్రంథకర్త, పోషకుడైన ప్రభువు, అచ్చుయంత్రము, సమస్తమును ఒక్క ఊరిలోనే, ఒక్క సంస్థానపు నీడలోనే యుండెను.

నేడు అదే తాలూకాలో ఒక విద్యార్థి వెబ్ అప్లికేషను ఒకటి వ్రాసి లోకమునకు విడుదల చేయదలచినచో, అతని యొడిలో నుండునది ఒక లాప్‌టాపు మాత్రమే. ఆ అప్లికేషను నడచు యంత్రము ముంబయిలోనో సింగపూరులోనో యుండును. దాని యజమాని యే అమెరికా కంపెనీయో. దానికి పెట్టిన పేరు వేరొక సంస్థ పద్దులో నమోదై యుండును. అద్దె తరచుగా డాలర్లలో లెక్కకు వచ్చును. దీనిని పతనమని నేననను. రాజాశ్రయము లేనివానికిని, అచ్చుకూటము కొనలేనివానికిని, ఒక్క మధ్యాహ్నములో తన కృతిని ప్రపంచమంతటికి అందజేయు అవకాశము మన పూర్వులకెన్నడును కలుగలేదు. ఐనను, ఇంత పరాధీనమైన ఏర్పాటులో ఏది అద్దెకు తీసికొనదగినది, ఏది తన గుప్పిటనే యుంచుకొనదగినది అను వివేకము మనవారికి ఇంకను కుదురలేదని నా అభిప్రాయము. ఈ వ్యాసమంతయు ఆ యొక్క మాట కొరకే.

ఈ నేల తెలుగు పాఠకులకు పరాయిది కాదు. విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన కమ్మవారు, రెడ్లు, కంబళ నాయకులు, బలిజలు, రాజులు, అరుంధతీయులు కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరము, రాజపాళయము చుట్టుపట్ల పల్లెలలో నేటికిని ఇంట తెలుగు మాటలాడుచునే యున్నారు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన పుట్టినది ఆ కంబళ నాయకులలోనే. ఇడైసేవల్ గ్రామమున 1923లో జన్మించి తమిళ కథాసాహిత్యమున మేటియైన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగే. తనవారి వలస వృత్తాంతమునే ఆయన ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలగా మలచెను. విరుదునగరమున పప్పులు, మిరపకాయలు, నూనెల బజారు. శివకాశిలో అగ్గిపెట్టెలు, బాణసంచా, క్యాలెండర్లు. కోవిల్‌పట్టిలో 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కడలై మిట్టాయి, అనగా మన పల్లీపట్టీ. 1984 నుండి నడచుచున్న నేషనల్ ఇంజనీరింగ్ కళాశాల. ఇన్ని వ్యాపారములు, ఇందరు చదువుకొన్న పిల్లలు ఉన్నచోట సరకుల ధరలకొక వెబ్‌సైటు, మిఠాయి ఆర్డర్లకొక యాప్, కులసంఘపు పెండ్లిసంబంధముల జాబితాకొక అప్లికేషను పుట్టుచుండుట సహజమే.

పని ఎట్లు జరుగునో ఒకసారి దగ్గరగా చూతము. మొదట ఈమెయిలు, పిమ్మట ఫోను నంబరు, దానికి వచ్చు ఓటీపీ, ఆపై బ్యాంకు కార్డు. కార్డు నిజమైనదో కాదో తేల్చుకొనుటకు రెండు రూపాయలు పట్టి మరల జమచేయు కంపెనీలు కలవు. ఇంతవరకు హైస్కూలు పిల్లవాడైనను చేయగలడు. అసలు తప్పు జరుగుటయు ఇక్కడనే. సంఘము కొరకు చేయు పనికి మన కుర్రవాడు తన సొంత ఈమెయిలును, తన సొంత ఫోనును, తన అన్నగారి కార్డును ఇచ్చి ముందుకు సాగును. అతనికి దురుద్దేశ మేమియు లేదు. సంఘమునకు ఈమెయిలు లేదు. సంఘపు బ్యాంకు ఖాతాకు కార్డు లేదు. కార్యదర్శిగారికి ఓటీపీ అనిన భయము. “అవన్నీ మాకేల తెలియును, నీవే చూచుకో నాయనా” అని వారనిన మరుక్షణమునుండి, కంపెనీ దృష్టిలో ఆ అప్లికేషనునకు యజమాని ఆ కుర్రవాడే. సంఘము కేవలము ప్రేక్షకవర్గము.

తరువాతిది పేరు. గూగుల్‌వారు 2008లో యాప్ ఇంజిన్ అను వేదికను తెరచిరి. ప్రోగ్రాము వ్రాసి పంపినచో చాలును, యంత్రముల యోగక్షేమములు మేము చూచుకొందుమను ధోరణిలో పుట్టిన వేదికలలో అది యొకటి. నేడు అక్కడ ఒక ప్రాజెక్టునకు గుర్తింపుపేరు పెట్టవలెనన్నచో ఆ పేరు 6 అక్షరములకు తక్కువ కాకూడదు, 30కి మించకూడదు. ఇంగ్లీషు చిన్న బడి అక్షరములు, అంకెలు, అడ్డగీత తప్ప వేరేవి చెల్లవు. లోకములో మరెవ్వరును దానిని అంతకుముందు తీసికొనియుండరాదు. ఒకసారి పెట్టిన పిమ్మట మార్చుటకు వీలులేదు. ప్రాజెక్టును తొలగించినను ఆ పేరు మరల ఎవ్వరికిని దక్కదు. ఈ నియమమును చదువకుండ మనవాడు తొందరలో ‘టెస్ట్-టూ-ఫైనల్’ వంటి పేరొకటి తగిలించును, అది పనిచేయును, అందరును దానికి అలవాటు పడుదురు, ఊరిపెద్దలు ఆహ్వానపత్రికల అడుగున ఆ చిరునామానే అచ్చువేయింతురు. బారసాల జరిగించిన తరువాత పేరు మార్చుకొనుటకు మన ఆచారములో దారి యున్నదిగాని ఇక్కడ లేదు.

కావున వేదికవారు ఇచ్చిన పేరును లోపలి వ్యవహారమునకు విడిచి, బయటి లోకమునకు వేరొక సొంత డొమైనును నమోదు చేయించుకొనవలెను. ‘.ఇన్’ డొమైనునకు ఏడాదికి కొన్ని వందల రూపాయలు చాలును. తెలుగు లిపిలోనే ‘.భారత్’ అను తోక గల పేర్లును నేడు లభించును. కంప్యూటరు లోలోపల దానిని ఇంగ్లీషు అక్షరముల గొలుసుగా మార్చుకొనియే వాడునుగాని, చూచువాని కంటికి మాత్రము తెలుగే కనిపించును. యంత్రము మారినను, కంపెనీ మారినను, డొమైను మనదైనంతకాలము చిరునామా మారదు; దానిని పాత యంత్రమునుండి క్రొత్త యంత్రమునకు త్రిప్పుటకు కొద్దిపాటి దిద్దుబాటు చాలును. ఏటేటా దాని రుసుము కట్టుట మరచినచో మాత్రము గడువు తీరిన పిమ్మట ఎవడో బేరగాడు కొనివేయును. పిదప అతడడిగిన ధరయే ధర.

యంత్రము ఏ ఊరిలో నుండవలెనను ప్రశ్నకు మనవారు సమాధానము చెప్పుటయే అరుదు, ఏలయన తెరమీద ముందుగా ఎంచియున్నది తరచుగా అమెరికాలోని ప్రాంతము, దానిని అట్లే విడిచి ‘నెక్స్ట్’ నొక్కుట లోకరీతి. మైక్రోసాఫ్ట్‌వారు 2015లోనే పుణె, ముంబయి, చెన్నైలలో తమ కేంద్రములు తెరచిరి. అమెజాన్‌వారు 2016లో ముంబయియందును, 2022 నవంబరులో హైదరాబాదునందును. గూగుల్‌వారు 2017లో ముంబయియందును, 2021లో ఢిల్లీయందును. ఇన్ని యుండగా సాత్తూరు మిరపకాయల ధర తెలిసికొనుటకు విరుదునగరమునుండి వర్జీనియాకు పోయి రావలసిన పనిలేదు; ఆ ప్రయాణమునకు ప్రతిసారి సెకనులో నాలుగవ వంతు పట్టును, ఒక పుటకు అట్టి ప్రయాణములు పదియైనచో జాప్యము కంటికి కనిపించును. యాప్ ఇంజిన్‌లో ఈ ప్రాంతమును ఒకసారి ఎంచినచో తరువాత మార్చుటకు వీలులేదు.

ఇక డిప్లాయ్‌మెంటు అని కుర్రవాండ్రు పిలుచునది. ఏ భాషలో వ్రాసినది, ఏ వెర్షను, ఎన్ని యంత్రములవరకు పెరుగవచ్చును అను వివరములతో ఒక చిన్న నియమపత్రమును ప్రోగ్రాము ప్రక్కన ఉంచి, ఒక్క పంక్తి ఆజ్ఞ నిచ్చినంతట సరకంతయు పైకి పోయి, అక్కడ మూటకట్టబడి, నడచుట ఆరంభించును. లాప్‌టాపులో చక్కగా నడచినది అక్కడ మొరాయించుటకు కారణములు చాల అల్పములుగా నుండును: విండోసునందు ‘ఫోటో’ అను ఫైలు పేరులో పెద్దబడి అక్షరమున్నను చిన్నబడి అక్షరమున్నను ఒకటే, లినక్సునందు అవి రెండు వేరు ఫైళ్ళు. కావలసిన లైబ్రరీల పట్టికలో ఒకటి మరచినచో అది తన యంత్రములో ముందే యున్నందున లోపము ఇక్కడ బయటపడదు, అక్కడ బయటపడును. లాగ్‌లను ఓపికతో చదువువానికి ఈ చిక్కులు గంటలో విడిపోవును. వానిని చదువకుండ ఎర్ర అక్షరములను ఫోటో తీసి స్నేహితునికి పంపు అలవాటు మన కళాశాలలలో బాగుగా పాతుకొన్నది.

అంతకంటె లోతైన ఉచ్చు ఒకటి కలదు. ఈ వేదికలలో చాలవాటియందు అప్లికేషను నడచు యంత్రము తాత్కాలికము. హెరోకు వంటిచోట అది దినమునకొకసారియైనను తనంతట ఆగి మరల మొదలగును. అట్లు మొదలైనప్పుడు దాని డిస్కులో మధ్యకాలమున చేరిన ఫైళ్ళు తుడిచిపెట్టుకొని పోవును. పెండ్లిసంబంధముల జాబితా తయారుచేసిన కుర్రవాడు వధూవరుల ఫోటోలను, జాతకచక్రములను ఆ డిస్కులోనే దాచినాడనుకొనుడు. సాయంకాలము నలుబదిమంది పంపిన ఫోటోలు తెల్లవారుసరికి నలుబది ఖాళీ చతురస్రములై నిలుచును. పేర్లు, గోత్రములు డేటాబేసులో నున్నవి కావున అవి పదిలము. ముఖములు మాత్రము లేవు. తల్లిదండ్రులు కార్యదర్శికి ఫోను చేయుదురు, కార్యదర్శి కుర్రవానికి చేయును, కుర్రవాడు కంపెనీని నిందించును. కంపెనీవారు ఆ సంగతిని తమ సూచనలలో ముందే వ్రాసియుంచిరి. డబ్బు కట్టని అప్లికేషను పావుగంటసేపు ఎవరును రానిచో నిద్రపోవుటయు, తరువాత మొదట వచ్చినవాడు నిమిషము వరకు ఎదురుచూడవలసివచ్చుటయు ఉచితసేవలు గల కొన్ని వేదికలలో కాననగును; దానిని నేను తప్పుపట్టను, ఉచితమునకు అదియే వెల.

ఉచితమనిన మాట వచ్చినది గనుక మరియొక సంగతి. యాహూవారి జియోసిటీస్ అను ఉచిత పుటల వేదిక 2009లో మూతపడినప్పుడు లక్షలాది సామాన్యుల పుటలు లుప్తమాయెను. 2007లో మొదలై ఒక తరము విద్యార్థులకు తొలిపాఠశాలగా నుండిన హెరోకు, 2022 నవంబరు 28న తన ఉచిత పథకములను ఎత్తివేసెను. డబ్బు కట్టువారికిని నిశ్చింత లేదు. 2021 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు నిబంధన మారి, కార్డునుండి నెలనెల తనంతట కోతపడు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ కావలసివచ్చెను. వినియోగదారుల రక్షణకై చేసిన ఆ నిబంధన సరియైనదే. కాని ఆ నెల ఎన్నో విదేశీ కంపెనీల చెల్లింపులు తిరస్కృతములాయెను. ఖాతా అన్నగారి కార్డుపై నుండి, అన్నగారు ఈమెయిలు చూచుకొనక, గడువు దాటినచో, కంపెనీ అప్లికేషనును ఆపివేయును, కొంతకాలమునకు సమాచారమును తొలగించును. అందులో సంఘము మాట వినువారెవ్వరు? సంఘము పేరే వారి పద్దులో లేదు గదా.

ఇట్లు చెప్పగా కొందరు పెద్దలు, “ఈ బాధలన్నియు ఏల, ఒక కంప్యూటరు కొని మన ఆఫీసులోనే పెట్టుకొందము” అందురు. వారికి 2023 డిసెంబరు 17, 18 తేదీలను జ్ఞాపకము చేయుదును. ఆ వానలో కాయల్‌పట్టిణమున 24 గంటలలో 90 సెంటీమీటర్లకు పైగా కురిసెను. తిరుచెందూరునుండి చెన్నైకి బయలుదేరిన రైలు శ్రీవైకుంఠమున నీటి నడుమ చిక్కుకొని వందలమంది ప్రయాణికులు అందులోనే గడపవలసివచ్చెను. తామ్రపర్ణి పొంగి తూత్తుకుడి జిల్లాలో వీధులకు వీధులు మునిగెను. నేలమీద మేజా క్రింద నుంచిన కంప్యూటరు అట్టి నీటికి ఎంతసేపు ఆగును? ముంబయిలోని యంత్రము ఆ రాత్రి ఊరివారికి అందకపోవచ్చును, కరెంటే లేదు గనుక. కాని అందులోని పద్దులు తడియవు. అట్లని దూరపు యంత్రము అక్షయపాత్ర కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ కంపెనీవారి డేటా కేంద్రమొకటి అగ్నికి ఆహుతియై, వేరొకచోట నకలు లేని ఖాతాదారులు సర్వమును పోగొట్టుకొనిరి. 2025 అక్టోబరు 20న అమెజాన్‌వారి వర్జీనియా కేంద్రమున పుట్టిన లోపమువలన ప్రపంచమంతట ఎన్నో సేవలు గంటలకొద్ది నిలిచిపోయెను. నీరు ఒకచోట, నిప్పు ఒకచోట. నకలు రెండు చోట్ల నుండవలెను.

తూత్తుకుడి చరిత్రలోనే ఈ చర్చకు పనికివచ్చు వృత్తాంతమొకటి యున్నది. 1906లో వ.ఉ. చిదంబరం పిళ్ళెగారు స్వదేశీ నౌకాసంఘమును స్థాపించి, తూత్తుకుడికిని కొలంబోకును నడుమ ఇంగ్లీషు కంపెనీకి పోటీగా ఓడలు నడుపుటకు పూనుకొనిరి. మొదట వారి ఓడలు అద్దెవి. ఇంగ్లీషు కంపెనీ ఒత్తిడికి లొంగి ఓడల యజమానులు అద్దె ఒడంబడికను రద్దుచేయగా, పిళ్ళెగారు వేరొక ఓడను అద్దెకు సంపాదించి సంఘమును నిలిపిరి. పిదప వాటాల ధనముతో గాలియా, లావో అను సొంత ఓడలు తెప్పించిరి. ఈ కథను చెప్పువారు సాధారణముగా సొంత ఓడల దగ్గర ఆగిపోవుదురు. నేను కొంచెము ముందువెనుకలు చూడుమందును. అద్దె ఓడ పోయిననాడు సంఘము మునుగకపోవుటకు కారణము, వాటాదారులును, వర్తకుల విశ్వాసమును, సంఘపు పేరును ఆ ఓడ యజమాని చేతిలో లేకపోవుట. 1908లో పిళ్ళెగారు నిర్బంధింపబడి కారాగారమునకు పోగా, సొంత ఓడలుండియు ఆ సంఘము కొద్ది ఏండ్లలో మూతపడెను, ఏలయన సర్వమును ఒక్కని భుజములపై నిలిచియుండెను. నేటి మన అప్లికేషనులలో ఎన్ని ఒక్క కుర్రవాని పాస్‌వర్డుమీద నిలిచియున్నవో ఆలోచింపుడు. ఆ తూత్తుకుడి–కొలంబో మార్గముననే 2006లో బీఎస్‌ఎన్‌ఎల్, శ్రీలంక టెలికాం సంస్థల ఉమ్మడి కేబులు సముద్రగర్భమున 300 కిలోమీటర్లకు పైబడి పరచబడినదని ప్రసంగవశమున చెప్పుచున్నాను. పిళ్ళెగారు చూచియున్నచో సంతోషించెడివారు, వాటాలు ఎవరివని తప్పక అడిగెడివారు.

స్వదేశీ వేదికలు లేవా అనిన, ఉన్నవి. ప్రక్కనున్న తెన్‌కాశి జిల్లాలో మత్తళంపారై అను పల్లెనుండి 2011 మొదలు పనిచేయుచున్న జోహో సంస్థకు కాటలిస్ట్ అను సొంత వేదికయే కలదు; దేశములో దానికి సొంత డేటా కేంద్రములును ఉన్నవి. పల్లెలో కూర్చుండి ప్రపంచమునకు సాఫ్ట్‌వేరు పంపవచ్చునని నిరూపించిన ఆ సంస్థను నేను గౌరవింతును. ధర, వసతి కుదిరినచో మనవారు నిస్సందేహముగా వాడవచ్చును. ఐనను అక్కడ సైతము ఖాతా కుర్రవాని సొంత ఈమెయిలుపై తెరచినచో వచ్చు చిక్కు అదే చిక్కు. యజమాని స్వదేశీయుడైనంత మాత్రమున అద్దెయిల్లు మనదగునా?

చట్టము కూడ ఈ విషయమున మారుచున్నది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, జనుల వివరములు సేకరించి వాడువారే వానికి జవాబుదారులు. పెండ్లికూతురి పుట్టినతేది, తండ్రి ఆదాయము, ఫోను నంబరు సేకరించిన సంఘము రేపు అవి బయటపడిననాడు, “మాకు తెలియదు, యాప్ చేసిన పిల్లవానిని అడుగుడు” అనుటకు వీలుండదు. బయటపడుటకు గొప్ప దొంగ రానక్కరలేదు. డేటాబేసు పాస్‌వర్డును ప్రోగ్రాములోనే వ్రాసి, ఆ ప్రోగ్రామును గిట్‌హబ్‌లో అందరును చూచునట్లు పెట్టుట చాలును. అట్టివానికొరకే రాత్రింబవళ్ళు గాలించు యంత్రములు లోకములో నున్నవి. క్లౌడు ఖాతా తాళపుచెవియే అట్లు దొరికినచో, పరులు మన ఖర్చుతో తమ పనులు నడిపించుకొందురు. ఖర్చు హద్దు దాటినదని వచ్చు హెచ్చరిక సాధారణముగా హెచ్చరిక మాత్రమే. అది యంత్రమును ఆపదు.

ఇంత జాగ్రత్త ఒక మిఠాయి దుకాణమునకు అవసరమా యని ఎవరైన అడుగవచ్చును. మిఠాయి ఆర్డర్లు పోయినచో మరల వచ్చును. నా మనసులో నున్న సరకు వేరు. తమిళనాట 2006లో చేసిన చట్టమువలన ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠ్యమైనది; రాష్ట్రభాష నేర్వవలెననుటను నేను ఆక్షేపింపను. ఐనను దాని ఫలితముగా ఇంట చక్కని తెలుగు మాటలాడు పిల్లలు తెలుగక్షరము చదువలేనివారై, అమ్మమ్మ సామెతను వాట్సాప్‌లో తమిళ లిపిలో వ్రాసికొనుచున్నారు. తమిళ లిపిలో కకార గకారములకు ఒక్కటే అక్షరము. అట్లు వ్రాసిన సామెత వ్రాతలో నిలుచునుగాని దాని ఉచ్చారణ నిలువదు. కరిసల్ అను ఈ నల్లరేగడి భూముల తెలుగునకు తనదైన ఒక యాస, తనదైన పాత మాటల నిధి కలదు. దానిని మాటలాడు వృద్ధుల కంఠములను రికార్డు చేసి, తెలుగు, తమిళ లిపులు రెండింట మాటలను చూపుచు, వినిపించు ఒక అప్లికేషను కోవిల్‌పట్టి విద్యార్థులు తలచుకొన్నచో ఒక వేసవి సెలవులలో తయారుచేయగలరు. యూనికోడునందు తెలుగునకు 1991 నుండియు స్థానమున్నది, ఫోనులలో తెలుగు తెరపై నిలుచుచున్నది, యంత్రము అద్దెకు దొరకును. ఆ కంఠములు మాత్రము పోయినచో మరల రావు. కావున వానిని అప్లికేషను డిస్కులో గాక వేరు భండారములో నుంచి, ఆ భండారపు నకలును వేరొక కంపెనీ దగ్గర, మూడవ నకలును ఊరిలో ఒక హార్డు డిస్కుపై, ఏటేటా తెరచి చూచుచు భద్రపరుపవలెను.

ఎట్టయపురపు గ్రంథము నేటికి మిగిలినది ఆ అచ్చుయంత్రపు మహిమవలన కాదు. ప్రతులు పలువురి ఇండ్లకును గ్రంథాలయములకును చేరుటవలన. మద్రాసు సంగీత విద్వత్సభవారు దానిని తమిళ లిపిలో వెలువరించిరి. దాని ఇంగ్లీషు రూపము ఇప్పుడు ఐబిబ్లియో అను ఉచిత భండారమున, అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమువారి ఆశ్రయమున, ఎవరైనను చదువుకొనునట్లు లభించుచున్నది. అచ్చుకూటము యజమాని ఎవరైనను, మూలము సుబ్బరామ దీక్షితులవారిదేనని గ్రంథముఖమున వ్రాసియున్నది కావున ఇన్ని చేతులు మారియు దాని పేరు చెడలేదు.

మన కళాశాలలలో ప్రోగ్రాము వ్రాయుటకు మార్కులున్నవి. దానిని పైకెక్కించి ఒక ఏడాది పోషించి, యంత్రము మార్చవలసివచ్చినప్పుడు ఏమియు పోకుండ మార్చుటకు మార్కులు లేవు. ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టును పరీక్షించు అధ్యాపకులు, తెరపై బొమ్మలు చూచి సరిపెట్టక, “ఈ వేదికను విడిచి రేపు మరియొక వేదికకు పోయి చూపుము” అని అడుగవలెనని నా కోరిక. అది చేయగలిగిన విద్యార్థి నిజముగా నేర్చినవాడు; చేయలేనివాడు తన ప్రోగ్రాముకు తానే అద్దెదారు.

సంఘముల పెద్దలకును, వర్తకసంఘముల కార్యదర్శులకును నా విన్నపము ఇంతకంటె సులభమైనది. మొదట సంఘము పేర ఒక ఈమెయిలు తెరచి, దాని తాళములు ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండునట్లు చేయుడు. వచ్చు సర్వసభ్య సమావేశమున, ఆదాయవ్యయముల పట్టిక చదివిన పిమ్మట, క్లౌడు ఖాతా ఎవరి పేర నున్నదో, డొమైను ఎవరి పేర నున్నదో, బిల్లు ఏ కార్డునుండి పోవుచున్నదో, కడపటి నకలు ఏ తేదీనాటిదో అడిగి, వచ్చిన సమాధానమును మినిట్సు పుస్తకమున వ్రాయించి సంతకములు చేయుడు. సమాధానము తెలిసిన కుర్రవాడు ఉద్యోగము దొరికి దుబాయికో డల్లాసుకో పోకమునుపే ఆ పని జరుగవలెను.